వేళ్లు తెగిన చేతితో మొదటి హిట్: బ్లాక్ సబాత్ కథ

అమరాపురం, మడకశిర, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం... ఎక్కడినుంచి చూస్తున్నా సరే, ఇయర్‌ఫోన్స్ ఉంటే పెట్టుకోండి. ఈ ఎపిసోడ్‌లో ఒక హార్డ్ రాక్ బ్యాండ్ గురించి మాట్లాడుకుందాం. పేరు బ్లాక్ సబాత్. పాట గురించే కాదు, ఫ్యాక్టరీ గురించి కూడా.

ఇంగ్లాండ్‌లో బర్మింగ్‌హామ్ అని ఒక ఊరు. ఎటు చూసినా ఫ్యాక్టరీలే. అందులో ఆస్టన్ అనే పేటలో పెరిగిన నలుగురు కుర్రాళ్లు: గిటార్ టోనీ ఐయోమీ, పాట ఓజీ ఆజ్‌బర్న్, బేస్ గిటార్ గీజర్ బట్లర్, డ్రమ్స్ బిల్ వార్డ్. ఎవరింట్లోనూ డబ్బు లేదు. ఓజీ కబేళాలో పనిచేశాడు, దొంగతనం కేసులో ఫైన్ కట్టలేక కొన్ని వారాలు జైల్లో కూడా ఉన్నాడు.

టోనీకి పదిహేడేళ్లు. రేకుల ఫ్యాక్టరీలో వెల్డింగ్ పని. ఒక బ్యాండ్‌తో జర్మనీ వెళ్లే ఛాన్స్ వచ్చింది, కాబట్టి పని మానేస్తున్నాడు. అదే చివరి రోజు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి, ఇంక పోనులే అనుకున్నాడు. వాళ్లమ్మ ఒప్పుకోలేదు, మొదలుపెట్టిన రోజు పూర్తి చేసి రమ్మంది. ఆ రోజు ప్రెస్ మెషీన్ మీద పనిచేసే మనిషి రాలేదు. టోనీని అక్కడ నిలబెట్టారు. అలవాటు లేని మెషీన్. ప్రెస్ చేతి మీద పడింది. కుడిచేతి నడిమివేలు, ఉంగరం వేలు... రెండిటి చివర్లూ పోయాయి.

కుడిచెయ్యే కదా అనుకోవద్దు. టోనీది ఎడమచేతి వాటం. ఎడమచేత్తో తీగ మీటుతాడు, కుడిచేత్తో తీగల్ని నొక్కి పట్టుకోవాలి. నొక్కాల్సిన వేళ్లే పోయాయి. డాక్టర్లేమో గిటార్ మర్చిపో అన్నారు.

అప్పుడు ఫ్యాక్టరీలో ఫోర్‌మన్ ఒకాయన ఇంటికొచ్చి ఒక రికార్డు వినిపించాడు. అది జాంగో రైన్‌హార్ట్ గిటార్. 1928లో అగ్నిప్రమాదంలో జాంగో ఎడమచేతి రెండు వేళ్లు పనిచేయకుండా పోయాయి. మిగిలిన వేళ్లతోనే యూరప్‌లో పెద్ద జాజ్ కళాకారుడయ్యాడు. అది విన్నాక టోనీ ఊరికే కూర్చోలేదు. గిన్నెలు కడిగే లిక్విడ్ ప్లాస్టిక్ డబ్బా కరిగించాడు, దర్జీలు వేలికి తొడుక్కునేలాంటి తొడుగులు చేసుకున్నాడు. తీగ మీద జారిపోకుండా పైన తోలు ముక్క అతికించాడు. మామూలు తీగలు నొక్కితే నొప్పి, అందుకే సన్నగా ఉండే బాంజో తీగలు వేసి చూశాడు. తర్వాత, 1971 నాటి ఆల్బమ్‌లో, తీగల్ని ఇంకా వదులు చేసి శ్రుతి దించాడు. ఆ మందమైన, బరువైన సౌండ్ ఉంది చూడండి, ఇప్పుడు మనం హెవీ మెటల్ అంటున్నామే, దాంట్లో ఆ వేళ్ల పాత్ర చాలా ఉంది.

1968లో నలుగురూ కలిశారు. కొన్నాళ్లు ఎర్త్ అనే పేరుతో ఉన్నారు. అదే పేరుతో ఇంకో బ్యాండ్ ఉండటంతో ఒక హారర్ సినిమా పేరు తీసుకుని బ్లాక్ సబాత్ అయ్యారు. 1969 అక్టోబర్‌లో మొదటి ఆల్బమ్ దాదాపు ఒక్క రోజులోనే రికార్డు చేసేశారు. 1970 జనవరిలో వచ్చిన మొదటి సింగిల్ వేరే బ్యాండ్ పాట, దాన్ని వీళ్లు మళ్లీ పాడారంతే. చార్టుల్లోకే రాలేదు. ఫిబ్రవరి 13న ఆల్బమ్ వచ్చింది, బ్రిటన్‌లో 8వ స్థానం దాకా పోయింది.

ఇంక అసలు హిట్టు. రెండో ఆల్బమ్ రికార్డింగ్ అయిపోవస్తోంది, కానీ నిడివి తక్కువైంది, ఇంకో చిన్న పాట కావాలన్నారు. మిగతావాళ్లు బయటికి వెళ్లొచ్చేలోపు టోనీ ఒక రిఫ్ కట్టేశాడు. గీజర్ మాటలు రాశాడు. ఖాళీ నింపడానికి చేసిన ఆ పాటే 'పారనాయిడ్'. తమాషా ఏంటంటే, పాట మొత్తంలో ఆ పేరు ఎక్కడా రాదు. 1970లో బ్రిటన్ చార్టులో 4వ స్థానం! ఆల్బమ్‌కి ముందు వేరే పేరు అనుకున్నారు, చివరికి ఈ పాట పేరే పెట్టారు. అది నంబర్ 1 అయింది.

గీజర్ రాసింది డిప్రెషన్ గురించి. లోపల ఏదో బాగాలేదు, బయటికి చెప్పడం రాదు. అప్పట్లో ఆ ఊళ్లో ఆ మాట ఎవరూ అనేవాళ్లు కాదు. మనవైపు మాత్రం ఎంతమంది అంటున్నారు చెప్పండి?

ఈ కథ విని 'కష్టపడితే ఏదైనా సాధ్యం' అని చెప్పి వదిలేయను. టోనీ వేళ్లు పోవాల్సిన అవసరమే లేదు. ఇవాళ మనవాళ్లు ఎంతోమంది హిందూపురం, పెనుకొండ దగ్గర ఫ్యాక్టరీల్లో, బెంగళూరు షెడ్డుల్లో పనిచేస్తున్నారు. ఎవరో రాలేదని తెలియని మెషీన్ మీద నిలబెడితే, "అన్నా, ఇది నాకు రాదు, ముందు నేర్పించు" అని అడగండి. మొహమాటపడొద్దు. గార్డు లేకపోతే చెయ్యి పెట్టొద్దు. చివరి రోజైనా, చివరి గంటైనా అంతే.

2025 జూలై 5న, ఆస్టన్‌లోనే విల్లా పార్క్ స్టేడియంలో ఆ నలుగురూ చివరిసారి వాయించారు. ఓజీ కూర్చునే పాడాడు. జూలై 22న చనిపోయాడు. ఆ స్టేజీ మీద కూడా టోనీ వేళ్లకి తొడుగులున్నాయి.

పాట వినండి. ఫ్యాక్టరీకి పోయే తమ్ముడో, చెల్లెలో ఉంటే ఈ ఎపిసోడ్ వాళ్లకి పంపించండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.