వ్యంగ్య చిత్రాలూ, నొచ్చుకున్న మనసులూ
(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)



డి.ఎ. బకాయిల గురించి ఇప్పటికే ముగ్గురు మాట్లాడారు కనుక నేను ఆ జోలికి పోను. కార్యదర్శిగారు నాకు అప్పగించిన విషయం వేరు. మత విశ్వాసాల మీద వ్యంగ్య చిత్రాలు వేసినప్పుడు భావ ప్రకటనా స్వేచ్ఛ ఎంతవరకు చెల్లుతుంది, నొచ్చుకున్నవారి మాటకు ఎంత విలువ ఇవ్వాలి అన్నది. నేను లా చదివినవాణ్ణి కాను. కలెక్టరు కార్యాలయంలో మెజిస్టీరియల్ విభాగంలో, అంటే మనం సి-సెక్షన్ అనుకునేదానిలో, పదకొండేళ్ళు ఫైళ్ళు నడిపిన గుమాస్తాని. ఆ అనుభవంతోనే నాలుగు మాటలు మనవి చేస్తాను.

ముందుగా డెన్మార్కు సంగతి. 2005 సెప్టెంబరు 30న అక్కడి 'యూలాండ్స్ పోస్టెన్' అనే దినపత్రిక మహమ్మద్ ప్రవక్త పేరిట 12 వ్యంగ్య చిత్రాలు అచ్చువేసింది. ప్రవక్తను బొమ్మగా గీయడమే చాలామంది ముస్లిములకు సమ్మతం కాదు. పైగా వాటిలో ఒకటి తలపాగాలో బాంబు పెట్టి చూపింది. అక్టోబరులో 11 దేశాల రాయబారులు ప్రధానమంత్రిని కలుస్తామని ఉత్తరం రాశారు. ఆయన కలవలేదు. పత్రిక మీద ప్రభుత్వానికి అజమాయిషీ లేదన్నది నిజమే. కానీ అర్జీ పట్టుకుని వచ్చినవాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, పూర్తిగా విని, "ఇది మా చేతిలో లేదండీ" అని చెప్పడానికి అభ్యంతరం ఏముంది? తాలూకా ఆఫీసులో కొత్తగా చేరిన గుమాస్తాకు కూడా నేర్పే మొదటి పాఠం అది. 2006 ఫిబ్రవరికి డమాస్కస్‌లో, బీరూట్‌లో డెన్మార్కు దౌత్య కార్యాలయాలు తగలబడ్డాయి. అనేక దేశాల్లో నిరసనల్లో మనుషులు చనిపోయారు. వారిలో ఆ బొమ్మలు కళ్ళారా చూసినవారు ఎందరుంటారు?

ఇందులో చాలామందికి తెలియని సంగతులు రెండున్నాయి. ఆ 12 బొమ్మల్లో ఒకటి ప్రవక్తది కాదు. మహమ్మద్ అనే పేరుగల బడిపిల్లవాడు నల్లబల్ల మీద ఆ పత్రిక సంపాదకులనే తిడుతూ పారశీక భాషలో రాస్తున్నట్టు గీశాడు ఒక చిత్రకారుడు! రెండోది, అదే పత్రిక 2003లో ఏసుక్రీస్తు పునరుత్థానం మీద ఒక చిత్రకారుడు పంపిన బొమ్మలను, పాఠకులు గొడవ చేస్తారని తిప్పి పంపింది. అంటే మనసులు నొప్పించకూడదన్న జాగ్రత్త వారికి తెలియనిదేమీ కాదు, మనిషిని బట్టి మారింది అంతే. ఈ సంగతి చదివాక ఆ పత్రిక మీద నాకు గౌరవం సగం తగ్గింది. అయినా ఆ బొమ్మలు గీసినవారిని జైలుకు పంపాలని మాత్రం నేననను. తలపాగా బొమ్మ వేసిన వెస్టర్‌గార్డ్ మీదికి 2010 జనవరి 1న ఒకడు గొడ్డలి పట్టుకుని ఇంటికే వచ్చాడు. ముసలాయన ఎలాగో బతికిపోయాడు. 2015 జనవరి 7న పారిస్‌లో 'షార్లీ ఎబ్దో' వ్యంగ్య పత్రిక మీద జరిగిన దాడిలో 12 మంది చనిపోయారు. ఆ హంతకుల చేతిలో వీధిలో పడిపోయిన పోలీసు అహ్మద్ మెరాబే కూడా ముస్లిమే.

ఇక మన దేశం. 1924లో లాహోరులో ప్రవక్త వైవాహిక జీవితం మీద 'రంగీలా రసూల్' అనే ఎగతాళి పుస్తకం వచ్చింది. ప్రచురణకర్త రాజ్‌పాల్ మీద కేసు పెడితే, అప్పటి చట్టం కింద అది నేరం కాదని 1927లో హైకోర్టు విడుదల చేసింది. ఆందోళన రేగింది. ఆ ఏడాదే శిక్షాస్మృతిలో 295-ఎ సెక్షన్ చేర్చారు. అయినా 1929లో రాజ్‌పాల్‌ను పొడిచి చంపారు. చట్టం తెచ్చినా కత్తి ఆగలేదన్నమాట. ఆ బిల్లు చర్చలో జిన్నాగారు కూడా, మతం మీద నిజాయితీగా చేసే విమర్శకు రక్షణ ఉండాలని హెచ్చరించారు. అందుకే ఆ సెక్షన్‌లో బుద్ధిపూర్వకంగా, ద్వేషంతో అవమానిస్తేనే నేరం అని పెట్టారు. 1957లో సుప్రీంకోర్టు కూడా ఆ సెక్షన్‌ను సమర్థిస్తూనే, తెలియక, అజాగ్రత్తగా అన్న మాటలు దీని కిందికి రావని తేల్చింది. 2024 జులై నుంచి అది కొత్త న్యాయ సంహితలో 299వ సెక్షన్ అయింది. అంకె మారింది కానీ ఈ షరతు మారలేదు.

ఇంకో తాళం కూడా ఉంది. ప్రభుత్వం ముందస్తు మంజూరు ఇస్తే తప్ప కోర్టు ఈ కేసును విచారణకు స్వీకరించరాదు. మా సెక్షన్‌కు పని పడేది అక్కడే. ఒకసారి ఓ స్థానిక పత్రికలో ఒక పీఠాధిపతి పల్లకిని కాంట్రాక్టర్లు మోస్తున్నట్టు బొమ్మ వచ్చింది. హిందువుల మనోభావాలు దెబ్బతిన్నాయని నలభై సంతకాలతో అర్జీ. చూస్తే చేతిరాతలు రెండే! మా అధికారి ఫైలు మీద రాసింది ఒకే ముక్క: "ఇందులో వెక్కిరింపు దేవుడికా, కాంట్రాక్టరుకా?" ఆ ఫైలు అంతటితో ముగిసింది.

అయితే ఈ తాళానికి ఒక సందు ఉంది. మంజూరు కావలసింది విచారణకే. కేసు కట్టడానికీ, అరెస్టు చెయ్యడానికీ అక్కర్లేదు. 2015 జనవరిలో ముంబైలో 'అవధ్‌నామా' ఉర్దూ పత్రిక సంపాదకురాలు షిరీన్ దల్వీ ఆ పారిస్ పత్రిక ముఖచిత్రాన్ని వార్తతోపాటు అచ్చువేశారు. ఆమె ముస్లిం. మర్నాడే క్షమాపణ ప్రచురించారు. అయినా కేసు మీద కేసు పెట్టి అరెస్టు చేశారు, ఆ ముంబై ప్రతి మూతపడింది. ద్వేషం ఉందా అని అడిగే దశ రాకముందే శిక్ష పూర్తయింది. నా దృష్టిలో ఈ వివాదాలన్నిటిలోకీ పెద్ద అన్యాయం ఇక్కడే జరుగుతోంది.

ఇంతకీ నొచ్చుకున్నవాడి మాటేమిటి? 2006లో మా ఆఫీసులో టైపిస్టుగా చేసే ఒక ముస్లిం మిత్రుడు నాతో, "మీ నాన్నగారి ఫొటోకు ఎవరైనా మసి పూస్తే మీరు స్వేచ్ఛ అని ఊరుకుంటారా?" అన్నాడు. "ఊరుకోను, కానీ జైల్లో పెట్టించను" అన్నాను. "జైలు ఎవరడిగారండీ! మాకు కష్టంగా ఉందంటే, అవునా అని ఒక్కరైనా వింటే చాలు" అన్నాడు. ఆయనా ఈ సభలోనే ఉన్నారు, అనుమతి తీసుకునే చెబుతున్నాను.

మన దేవుళ్ళను మనం నవ్వుకోలేదా అని కొందరు వాదిస్తారు. నిజమే. కాసుల పురుషోత్తమకవి శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువును నిందాస్తుతిలో ఏకంగా శతకమే దులిపేశాడు. 1977లో 'యమగోల'కు ఊరూరా విరగబడి నవ్వారు. కానీ అవి మన ఇంట్లో మనం ఆడుకున్న హాస్యాలు. పక్కింటివాడు కూడా అలాగే నవ్వాలని శాసించడం మర్యాద కాదు. మర్యాద తప్పినవాణ్ణి పోలీసు స్టేషనుకు ఈడ్వడం న్యాయమూ కాదు.

చివరగా మన ప్రత్యేక సంచికకు వచ్చిన బొమ్మ సంగతి. చిత్రగుప్తుడు చిట్టా తెరిచి ఒక పెన్షనరును "లైఫ్ సర్టిఫికెట్ ఏదయ్యా?" అని అడుగుతుంటే, యమధర్మరాజు పక్కన తల పట్టుకుని కూర్చున్నాడు. దేవతలను అపహాస్యం చేయడం తగదని మన సీనియరు సభ్యులొకరు రాతపూర్వకంగా అభ్యంతరం తెలిపారు. కమిటీలో సగం అటు, సగం ఇటు. నన్నడిగితే అందులో వెక్కిరించింది ట్రెజరీని, యముణ్ణి కాదు. బొమ్మ వెయ్యాలి. సభ్యులవారి ఉత్తరం కూడా ఒక్క అక్షరం తగ్గించకుండా, అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో వెయ్యాలి. ఈ మేరకు తీర్మానాన్ని ప్రతిపాదిస్తున్నాను. బలపరిచేవారు చేతులెత్తండి.