గడి ముందు ఆగిన ఫర్మానా

ఆహ్వాన సంఘం వారు నాకు అప్పగించిన అంశం ‘ఐరోపాలో నిరంకుశ రాజరికాల పుట్టుక’. పాలకీడులో కూర్చుని ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ ముచ్చట ఏమిటని ఆహ్వాన పత్రిక చూసి ఒక మిత్రుడు నవ్వాడు. ఈ ముందు వరసలో ఉన్న పెద్దల్లో కొందరు రాజున్న రాజ్యంలో పుట్టినవాళ్లే. 1948 సెప్టెంబరు దాకా ఇక్కడ నిజాం ఫర్మానాయే చట్టం. లూయీ మనకు మరీ అంత దూరపువాడు కాడు.

ఐరోపా కథ చాలామందికి తెలిసిందే, త్వరగా దాటేస్తాను. మత యుద్ధాలతో ఫ్రాన్సు కుళ్లిపోతున్న రోజుల్లో, 1576లో, న్యాయవేత్త జాఁ బోదాఁ సార్వభౌమాధికారం ముక్కలు చేసి పంచుకునేది కాదని రాశాడు. 1614 తర్వాత ఆ దేశపు ప్రతినిధుల సభను మళ్లీ పిలిచింది 1789లోనే. మంత్రి రిషెల్యూ ప్రభువుల కోటలు కూల్చాడు; రాజు తరఫున పన్నులు, న్యాయం చూసే అధికారులు జిల్లాలకు వెళ్లారు. 1682లో లూయీ దర్బారును వెర్సాయికి మార్చి, పెద్ద పెద్ద ప్రభువులను తన కళ్లెదుటే ఉంచుకున్నాడు. పాఠ్యపుస్తకాలు దీన్నంతా కలిపి ‘రాజు గెలిచాడు, ప్రభువులు ఓడారు’ అని చెబుతాయి.

నాకు ఆ మాట మీద నమ్మకం లేదు. చరిత్రకారుడు పెర్రీ ఆండర్సన్ 1974లోనే దాన్ని తిరగేసి, నిరంకుశ రాజ్యం అంటే భూస్వాముల అధికారం కొత్త రూపంలో నిలబడటమేనని వాదించాడు. ఆయన్ని నమ్మకపోయినా జర్మనీలోని బ్రాండెన్‌బర్గ్ సంగతి చూడండి. 1653లో అక్కడి పాలకుడు ఫ్రెడరిక్ విలియంకు సైన్యం కోసం డబ్బు కావాలి. యుంకర్లు అనే భూస్వాములు ఇస్తామన్నారు. బదులుగా తమ ఊళ్లలో రైతుల మీద తమకున్న హక్కులను కాగితం మీద ఖాయం చేయించుకున్నారు. ఆ ఒప్పందంలో ఒక షరతు ఉంది: కట్టుబానిస కాదని రైతు రుజువు చూపలేకపోతే అతను కట్టుబానిసే. బ్రాండెన్‌బర్గ్-ప్రష్యాకు పటిష్ఠమైన సైన్యం అలా వచ్చింది. దాని ఖర్చు ఎవరి వీపు మీద పడిందో వేరే చెప్పాలా?

ఇప్పుడు హైదరాబాదుకు వద్దాం. 1853 మేలో ఇరవై నాలుగేళ్ల కుర్రవాడు సాలార్‌జంగ్ దివానయ్యే నాటికి ఖజానా ఖాళీ. అప్పటికి కొద్ది రోజుల కిందటే బేరారు ప్రాంతం ఈస్టిండియా కంపెనీ చేతికి పోయింది. అప్పులిచ్చిన సాహుకార్లు, అరబ్బు జమేదార్లు తాకట్టు కింద తాలూకాలకు తాలూకాలే పట్టుకుని సిస్తు వసూలు చేసుకుంటున్నారు. ఫ్రాన్సులో పన్ను గుత్తలు 1791 దాకా ఆగలేదు. సాలార్‌జంగ్ ఇక్కడ గుత్తలు ఆపే పని మొదలుపెట్టి, 1865లో జిలాబందీ చేసి, అంటే రాజ్యాన్ని జిల్లాలుగా విడగొట్టి, జీతగాళ్లయిన అధికారులను జిల్లాలకు పంపాడు. రిషెల్యూ పక్కన నిలబెట్టదగ్గ మంత్రి అని నేను నిస్సంకోచంగా అంటాను.

అయితే వసూలు పని పోయిన దేశ్‌ముఖులు, దేశ్‌పాండ్యాలు ఏమయ్యారు? సర్కారు వాళ్లకు ఏటా రుసుం ఇచ్చింది. తర్వాత సర్వే వచ్చింది. ఊళ్లో చదవడం, రాయడం ఎవరి చేతిలో ఉందో, పట్వారీ ఎవరి వాకిట్లో నిలబడేవాడో ఈ ప్రాంతం వాళ్లకు చెప్పనక్కరలేదు. తరతరాలుగా దున్నుతున్న భూమి ఒక సర్వే నంబరై, ఆ నంబరు దొర పేరున పట్టా అయింది. రైతు తన భూమిలోనే కౌలుదారు అయ్యాడు. సర్వే రికార్డు అయిన సేత్వార్ పుటల్లో సర్వే నంబరు, విస్తీర్ణం, సిస్తు, పట్టాదారు పేరు ఉంటాయి. దున్నేవాడు ఎక్కడున్నాడో ఆ పుటలు చూసి చెప్పండి. బ్రాండెన్‌బర్గ్ షరతు నాకు అక్కడే గుర్తొచ్చింది: కాగితం లేనివాడే రుజువు చూపాలి.

అందుకే నేననేది ఇది. నిరంకుశ రాజ్యాన్ని నిజాం చౌమహల్లా మహలు నుంచి, వెర్సాయి నుంచి చూస్తే రాజు కనిపిస్తాడు. ఊరి నుంచి చూస్తే దొర ఉండే గడి కనిపిస్తుంది. రాజుకు బలం పెరిగితే దొరకు తగ్గుతుందనే లెక్క ఇక్కడ పనిచేయలేదు. రాజు యంత్రాంగమే దొరకు పత్రం రాసిచ్చింది. మాలీ పటేలు, పోలీసు పటేలు, పట్వారీ – ముగ్గురూ ఒకే గడి అరుగు మీద కూర్చున్న ఊళ్లెన్నో. వెట్టికి ఫర్మానా అవసరం రాలేదు.

నిజాం లేని చోట సంగతేమిటి? మన కోదాడ పక్కనే మునగాల పరగణా ఉండేది. చుట్టూ నిజాం రాజ్యం, అది మాత్రం బ్రిటిషు కృష్ణా జిల్లాలో ముక్క. ఆ రాజా నాయని వెంకటరంగారావు గారు, వారి దివాను కొమర్రాజు లక్ష్మణరావు గారు మన భాషకు చేసిన మేలు ఏ సాహిత్య సభా మరువదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1906లో విజ్ఞానచంద్రికా మండలి వాళ్ల పూనికతోనే వచ్చాయి. అదే పరగణాలో 1930లలో రైతులు జమీందారు మీద తిరగబడ్డారు. రెండూ నిజమే. మొదటిది మాత్రమే చెప్పి సన్మానాలు చేసుకోవడం మన సభలకు అలవాటు.

ఇక రాజుగారి సార్వభౌమత్వం మాట. ఫర్మానాతో ప్రజలను శాసించిన నిజాం ఉస్మాన్ అలీఖాన్‌కే 1926 మార్చిలో వైస్రాయి రీడింగ్ ఉత్తరం రాసి, బ్రిటిషు కిరీటమే పైదని చెప్పాడు. బోదాఁ చదివితే ఏమనేవాడో!

ఒక తేడా ఒప్పుకోవాలి. లూయీ 1685లో ప్రొటెస్టెంట్లకిచ్చిన హామీని రద్దుచేసి రాజ్యమంతా ఒకే మతం కావాలన్నాడు. మన దగ్గర జాన్‌పహాడ్ దర్గా ఉర్సుకు ఏ మతాలవాళ్లు వెళతారో మీకే తెలుసు; ఆ దర్గా పేరు మీద పెట్టుకున్న సైదిరెడ్డి, సైదులు, సైదమ్మ లేని ఊరు చుట్టుపక్కల చూపించండి. ముస్లిం రాజు కింద ఈ జిల్లా దేశ్‌ముఖుల్లో ఎక్కువమంది హిందువులే. కొట్లాట భూమి దగ్గర వచ్చింది. భాష దగ్గర కూడా. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినిలో, సంఘ సంస్కర్త కార్వే అధ్యక్షతన జరిగిన సభలో న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. ఆంధ్ర జనసంఘం అక్కడ మొలిచి, ఆంధ్ర మహాసభ అయి, 1944 భువనగిరి సభ నాటికి వెట్టి, భూమి నుంచి బేదఖళ్ల గురించి మాట్లాడింది.

ఫ్రాన్సులో 1789 ఆగస్టులో ముందు ప్రభువుల హక్కులు పోయాయి, 1793లో రాజు తల పోయింది. ఇక్కడ 1948లో బెజవాడ నుంచి కోదాడ మీదుగా భారత సైన్యం వచ్చింది, రాజ్యం పోయింది, 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి; రాజు మాత్రం 1956 దాకా రాజప్రముఖ్. రైతుల తిరుగుబాటుకు జడిసి పారిపోయిన దొరలు సైన్యం వెనకే ఊళ్లకు తిరిగొచ్చి, తాము వదిలిపోయిన భూములు మళ్లీ అడిగారు.

మధ్యాహ్నం పత్రాలు చదవబోయే యువ పరిశోధకులకు ఒక విన్నపం. పారిస్, బెర్లిన్ గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. హుజూర్‌నగర్, మిర్యాలగూడ తాలూకాల సేత్వార్లు, 1954–55 ఖాస్రా పహాణీలు పక్కపక్కన పెట్టి, ఒక్క ఊరివైనా చదవండి. పాతవి ఉర్దూలో ఉన్నాయి. అవి చదవగలిగిన పెద్దలు ఈ సభలో ఉంటే భోజనాల వేళ మీ పేరు, ఊరు కార్యదర్శి గారి దగ్గర రాయించండి.