ఉమ్మెత్త మూయు తాళములు



ఉమ్మెత్త గింజ తిన్నవాని నోరెండును, కనుపాప విప్పారును, మూత్రము బిగియును, మతి చెడును. ఇది పల్లెలలో ముదుసలులకెల్ల తెలిసినదే. ఒక్క గింజ దేహమందు ఇన్నిచోట్ల ఎట్లు పనిచేయుచున్నదను ప్రశ్నకు మాత్రము సమాధానము ఇటీవలిది.

అసిటైల్ కోలిన్ అను పదార్థము చేయు పనులలో కొన్ని పుట్టగొడుగులోని మస్కరిన్ పనిని, కొన్ని పొగాకులోని నికోటిన్ పనిని పోలియున్నవని 1914లో హెన్రీ డేల్ చూపెను. నాడి తన ఆజ్ఞను రసాయనముచే పంపునని 1921లో ఆటో లోవి కప్ప గుండెలతో నిరూపించెను. 1936లో వీరిరువురకును నోబెల్ బహుమానము లభించెను.

ఆ రసాయనము తాళపుచెవి యైనచో, కణముపై నున్న గ్రాహకము తాళము. మస్కరిన్ జాతి తాళములు ఎం1 మొదలు ఎం5 వరకు అయిదు. ప్రేగు, మూత్రాశయము, శ్వాసనాళము వీని గోడలలోని నునుపు కండరమున ఏ తాళమున్నదో తెలియుటెట్లు?

గినీపంది ప్రేగు తునకను ప్రాణవాయువు బుడగలాడు గోరువెచ్చని లవణజలమున వ్రేలాడదీయుదురు. మందు వేయగా అది ముడుచుకొనును. పిదప అడ్డుమందు వేసి, అంతే ముడుపునకు మొదటి మందు ఎన్నిరెట్లు కావలసినదో లెక్కింతురు. ఆ లెక్కనుండి అడ్డుమందు తాళమును ఎంత గట్టిగా పట్టునో తేలును. మెథోక్ట్రమిన్ ఎం2ను, డారిఫెనసిన్ ఎం3ను గట్టిగా పట్టును. అయితే ఏ మందును ఒక్క తాళమునకే పరిమితము కాదు. కావున ఒక్క సాక్షి మాటపై తీర్పు చెప్పరాదు, పలువురిని విచారింపవలెను.

విచిత్రమేమనగా, ప్రేగు కండరమున నూటికి సుమారు ఎనుబది ఎం2 తాళములే. ముడుపు నడుపునది మాత్రము ముఖ్యముగా అల్పసంఖ్యాకమైన ఎం3. అడంగల్‌లో పేర్లు ఎక్కువయున్నవారే పంట ఎక్కువ పండింతురను నియమము లేదుగదా! అట్లని ఎం2 సోమరి కాదు. కండరమును సడలించు ఆజ్ఞలకది అడ్డుపడును. 2000లో ఎం3 లేకుండ పుట్టించిన ఎలుకలలో మూత్రాశయపు ముడుపు దాదాపు నశించెను. ప్రేగు ముడుపు చాలవరకు నిలిచెను. ఒక అవయవమునకు చెప్పిన తీర్పు వేరొకదానికి చెల్లదు.

రైతులకు ఇది దూరపు శాస్త్రము కాదు. కొన్ని పురుగుమందులు అసిటైల్ కోలిన్‌ను విరిచివేయు పదార్థమును చంపును. అప్పుడు తాళములన్నియు తెరచియుండును: చొంగ, కన్నీరు, విరేచనములు, గుటగుటలాడు శ్వాస. వైద్యుడు అట్రోపిన్ సూదివేసి ఆ తాళములను మూయును. ఉమ్మెత్తలోను అట్రోపిన్ గలదు; కాని గింజకు గింజకు బలము మారును గనుక దానినే మందుగా నూరిపోయుట ప్రాణాంతకము. మరియు అట్రోపిన్ నికోటిన్ జాతి తాళములను ముట్టదు. చొంగ ఆరినను ఊపిరి కండరములు సడలిపోవచ్చును. సూదితో కుదుటబడినట్లు కనబడినవానిని సైతము ఆసుపత్రిలోనే ఉంచవలెను.