పెరటి చిక్కుడు: విత్తవలసిన కార్తె
(గూడూరులో గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున సమాచార శాఖాధికారి యొకరు చేసిన ప్రసంగ పాఠము)



బాటలు, మంచినీటి కుళాయిలు, మురుగు కాలువలు మొదలగు పెద్ద పనులను గూర్చి చర్చింప వచ్చిన మీ ముందు చిక్కుడు పాదును గూర్చి మాటాడుట కొందరికి నవ్వు పుట్టింపవచ్చును. నవ్వినను చింత లేదు. ఇది నేను మీకు చేయు బోధ కాదు. ఒకప్పుడు నేను చేసిన పొరపాటునకు సంజాయిషీ.

కొన్ని సంవత్సరముల క్రిందట ఈ ప్రాంతముననే ఒక గ్రామమునందు కూరగాయల విత్తన పొట్లములు పంచిపెట్టిరి. దానికి ప్రచారము చేసినవాడను నేను. కరపత్రము వ్రాసినదియు నేనే. పొట్లములు ఊరు చేరునప్పటికి దసరా పండుగ దాటినది. స్వాతి కార్తె వచ్చినది. గృహిణులు ముచ్చటపడి ఆ వారముననే చిక్కుడు గింజలు పెట్టిరి. మొలకలు వచ్చినవో లేదో వాన పట్టుకొన్నది. సగము పాదులు నీరు నిలిచి కుళ్లినవి. మిగిలిన తీగెలు నడుము ఎత్తునకు రాకమునుపే పూతకు వచ్చినవి. సంక్రాంతికి ఇంటికి గుప్పెడు కాయలు! మరల నేను ఆ ఊరు వెళ్లినపుడు ఒక వృద్ధురాలు నన్ను గుర్తుపట్టి, "గింజ మంచిదే నాయనా, మీరు తెచ్చిన నెలే మంచిది కాదు" అన్నది. ఆ మాటకు నాయొద్ద సమాధానము లేకపోయినది. గింజలో దోషము లేదు, నేలలో లేదు, ఆ తల్లుల శ్రమలో అసలే లేదు. కరపత్రమున ఎరువు సంగతి వ్రాసితిని, పందిరి సంగతి వ్రాసితిని. విత్తు కాలము మాత్రము వ్రాయలేదు.

అప్పటినుండి ఈ విషయమును కొంత శ్రద్ధగా తెలిసికొంటిని. మన పందిరి చిక్కుడు పంచాంగము చూచు మొక్క. ఎండ ఎంత కాసినది, నీరు ఎంత పోసితిమి అనునది ఒక ఎత్తు. పగలు ఎంత పొడవున్నది అనునది వేరొక ఎత్తు. పగలు తగ్గి రాత్రి పెరుగుచున్నదని తెలిసిన పిమ్మటనే అది పూయును. మొక్కలలో ఇట్టి గుణము కలదని 1920లో అమెరికా దేశమున గార్నర్, అల్లార్డ్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు పొగాకు, సోయా చిక్కుడు మొక్కలపై పరిశోధించి వెల్లడించిరి. మొక్క కొలుచునది నిజమునకు పగటిని కాదు, ఎడతెగని చీకటిని అని అటుపిమ్మట తేలినది. గూడూరులో జూన్ మాసాంతమున పగలు సుమారు 13 గంటలు. డిసెంబరు మాసాంతమున 11 గంటల 20 నిమిషములు. ఈ గంటన్నర పైచిలుకు భేదము మనకు తెలియకుండ గడచిపోవును. చిక్కుడు తీగెకు అది తెలియును.

ఇది గ్రహించినచో తక్కిన లెక్క తేలికయే. మాఘ ఫాల్గుణములలో విత్తిన చిక్కుడు వేసవియంతయు నీరు త్రాగి, ఆకులు మేసి, పందిరి కప్పి, కాయ మాత్రము ఈయదు. పగళ్లు తగ్గువరకు అది కాచుకొని యుండును. విసిగిన ఇల్లాలు శ్రావణములో దానిని పెరికివేయును. మూడు నెలలు ఓపిక పట్టియుండిన కాచెడిదే. ఇక ఆశ్వయుజమున విత్తినచో మొలకెత్తు నాటికే రాత్రులు పెరిగియుండును గనుక పసితీగెయే పూతకు దిగును. బలము లేని తల్లికి బిడ్డలు కలిగినట్లుండును.

కావున తీగె ముందు పెరుగవలెను, పూత తరువాత రావలెను. పూతకు పూర్వము మూడు మాసములైన ఎదుగుటకు వ్యవధి ఉండవలెను. అనగా ఆరుద్ర కార్తె మొదలు పునర్వసు కార్తె ముగియువరకు, జూన్ 22 మొదలు జూలై 19 వరకు, విత్తుటకు మేలైన అదను. ఆశ్లేష కార్తె వరకు, అనగా ఆగస్టు నడుమ వరకు, విత్తినను పంట దక్కును గాని పందిరి నిండదు. అటుపిమ్మట విత్తుట నా పొరపాటును మరల చేయుటయే.

మన సీమకు మరియొక కారణము గూడ కలదు. కోస్తాలో పై జిల్లాలకు నైరుతి వానలే ఆధారము. నెల్లూరు సీమకు ఏటి వర్షములో సగమునకు పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు మాసములలో ఈశాన్య ఋతుపవనము వలన వచ్చును. వచ్చునప్పుడు ఎట్లు వచ్చునో 2015 నవంబరు, 2021 నవంబరు మాసములను చూచినవారికి నేను చెప్పనక్కరలేదు. ఆషాఢమున నాటిన తీగె ఆ వానలకు మునుపే వేరు దన్ని, కాండము ముదిరి, పందిరి ఎక్కియుండును. తొలిపూత వానకు కొంత రాలిపోవచ్చును, అందులకు బెంగపడరాదు. మార్గశిరమున ఆకాశము తెరపి ఇచ్చిన వెంటనే గుత్తులు గుత్తులుగా మరల పూయును.

మన పెద్దలకు ఈ లెక్క ఆచారముగనే తెలియును. రథసప్తమి నాడు చిక్కుడు కాయలతో రథము చేసి, చిక్కుడు ఆకులలో పరమాన్నము పెట్టి సూర్యునకు నివేదింతురు. ఆకు, కాయ రెండును నిండుగా లభించు కాలమది. ఆ పండుగకు పల్లెవాసులు గూడ గూడూరు బజారున పావుకిలో కాయలు కొనుక్కొని పోవుచుండుట చూచినపుడు నాకు కొంచెము చిన్నతనముగా నుండును. పెరడు లేకనా? అదను తప్పుటచేత.

ఇంగ్లండు దేశమున ఎఱ్ఱపూల రన్నర్ చిక్కుడును మంచు భయము తీరిన పిమ్మట, మే మాసమున విత్తుదురు. వారు చలికి వెఱతురు, మనము వానకు వెఱతుము. ఆ జాతి మధ్య అమెరికా కొండలలో పుట్టినది; మన వేడికి పూత నిలువదు. కనుక అందమైన బొమ్మగల పొట్లమును చూచి, దానిపై వ్రాసిన నెలను మన ఊరికి వర్తింపజేయరాదు. పగటి నిడివితో నిమిత్తము లేక కాచు పొట్టి చిక్కుడు రకములు మన దేశముననే కలవు. బెంగుళూరు ఉద్యాన పరిశోధన సంస్థవారు రూపొందించిన అర్క జయ్, అర్క విజయ్ అట్టివి. అదను తప్పినవారు వానిని వేసికొనవచ్చును. అయితే ఏళ్ల తరబడి ఇంటింట విత్తనము నిలుపుకొని వచ్చిన పందిరి చిక్కుడు రుచి వేరు. ఇది నా స్వంత అభిప్రాయము.

నాటు విధానము మీకు తెలియనిది కాదు. మూరెడు వెడల్పు, మూరెడు లోతు గుంట త్రవ్వి, నాలుగు దినములు ఎండనిచ్చి, మాగిన పశువుల ఎరువు కలిపిన మట్టితో నింపి, నేల మట్టమునకు జానెడు ఎత్తుగా దిబ్బ చేయవలెను. నవంబరులో మొదలు మునుగకుండ కాపాడునది ఈ దిబ్బయే. కోట, వాకాడు వైపు ఇసుక నేలలలో ఎరువు రెట్టింపు కావలెను. అంగుళము లోతున నాలుగు గింజలు పెట్టి, మొలచిన పిదప బలమైన రెండింటిని ఉంచవలెను. ఆషాఢమున మనకు వానలు తక్కువ గనుక పాత్రలు కడిగిన నీరు పాదుకు మళ్లించిన చాలును. పందిరికి సరుగుడు గుంజలు మన తీరమున కొదువ లేదు. యూరియా వేయరాదు, వేసిన ఆకే మిగులును. మబ్బు పట్టిన దినములలో పేనుబంక కనబడినచో తొలినాడే బూడిద చల్లవలెను, లేదా పలుచని సబ్బునీటితో కడుగవలెను. ముదిరి ఎండిన గింజలలో మాంసకృత్తులు సుమారు నాల్గవ వంతు ఉండును. అయితే వానిని నానబెట్టి, ఆ నీరు పారబోసి, బాగుగా ఉడికించియే తినవలెను. పచ్చిగా పిల్లలకు ఈయరాదు.

ఇక పంచాయతీ చేయవలసినది. అంగన్‌వాడీ పెరటికి, బడి ఆవరణకు, ఇండ్లకు విత్తనము కావలెనన్న తీర్మానము మే 1వ తేదీ నాటికే జరుగవలెను. జూలైలో తీర్మానించిన విత్తనము అక్టోబరులో వచ్చును. కార్యాలయముల నడక మీకును తెలియును, నాకును తెలియును. ఆలస్యముగా వచ్చిన చిక్కుడు విత్తనమును మొగమాటపడి పంచక, సీసాలో భద్రపరచి మరుసటి ఆరుద్రకు పంచుడు. అదే నెలలో పంచవలసి వచ్చినచో తోటకూర, ముల్లంగి విత్తనములు అడుగుడు.

మరియొక మాట. పందిరిని మీరు వేయించిన వీధి దీపము క్రింద వేయింపవలదు. రాత్రియంతయు వెలుగు సోకు తీగెకు చీకటి లెక్క తప్పును, పూత వెనుకబడును. దీపము ఆర్పుడని నేననను. పందిరిని ఇంటి వెనుకకు జరుపుడందును.

విత్తనమునకై ప్రతి ఏడును పట్టణమువైపు చూడనక్కరలేదు. ఊరిలో అందరికన్న మిన్నగా కాచిన పందిరిని మాఘమున గుర్తించి, ఆ ఇంటివారిని అడిగి, నడిమి కాపులోని గుత్తులు పది తీగెపైననే ఎండనీయుడు. ఫాల్గుణమున వలిచి, పురుగు తొలిచినవి ఏరివేసి, బూడిద కలిపి, మూత గట్టిగానున్న డబ్బాలో ఉంచి, దానిపై "ఆరుద్ర కార్తె" అని వ్రాసి పంచాయతీ బీరువాలో పెట్టుడు.