క్లాసు నాయకురాలిని వెతకండి

వెనక వరుసల్లో మధ్యాహ్నం బస్సు అందుకోవలసిన తల్లిదండ్రులున్నారు, నేరుగా విషయానికి వస్తాను.

పట్టాలు అందుకున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీలో కొందరు పాస్టర్లుగా ఇల్లందు వైపు, కొందరు దుమ్ముగూడెం, చర్ల అడవి పల్లెలకు వెళ్తున్నారు. ఆ దారి పాతదే. 1889లో ఇల్లందులో బొగ్గు తవ్వకం మొదలైంది. ఆ తర్వాతి దశాబ్దంలో అమెరికన్ మెథడిస్టు మిషనరీ సి.బి. వార్డు అక్కడ సేవ చేశారు. బస్తరులోని జగదల్‌పూర్‌లోనూ పని ప్రారంభించారు. దుమ్ముగూడెంలో ఆంగ్లికన్లు అంతకుముందే కోయల మధ్య ఉన్నారు. తర్వాత బ్రిటిష్ మెథడిస్టుల వెస్లియన్ సంఘాలు 1947లో దక్షిణ ఇండియా సంఘంలో కలిశాయి. అమెరికన్ మిషన్ సంఘాలు 1981లో మెథడిస్ట్ చర్చ్ ఇన్ ఇండియాగా స్వతంత్రమయ్యాయి. రెండు సంఘాల్లోనూ నమ్మకం ఒక్కటే: దేవుని కృప అందరికీ, అది పొందినవాడి బతుకు మారి తీరాలి.

ఆ మార్పును కనిపెట్టుకుని ఉండేది క్లాసు కూడిక. 1742లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో మందిరం అప్పు తీర్చడానికి సభ్యులను పన్నెండేసిమంది క్లాసులుగా విడదీసి, వారానికో పెన్నీ వసూలు చేసే పని ఒక్కో క్లాసుకు ఒక్కో నాయకుడికి అప్పగించారు. డబ్బుకోసం గడప ఎక్కినవాళ్లకు ఇళ్లలోని తాగుడు, తగవులు, జబ్బులు కనబడ్డాయి. ఆ వసూలునే మెథడిస్టు ఉద్యమ స్థాపకుడు జాన్ వెస్లీ ఆత్మల పరామర్శగా మార్చారు.

మన దగ్గర రసీదు పుస్తకం మిగిలింది, పరామర్శ పోయింది. నా బెంగంతా ఇదే. స్పీకర్లు కొన్నాం, కీబోర్డు కొన్నాం. మూలన కూర్చునే ముసలమ్మ నెల్లాళ్లుగా రావడం లేదని ఎవరైనా గమనించారా? తల దించుకోకు బాబూ, నిన్నే అడుగుతున్నాను!

మన కట్టుబాటు ప్రకారం పాస్టరును నియమించేదీ బదిలీ చేసేదీ బిషప్పే. ఇవాళ ఈ ఊరు, రేపు ఇంకో ఊరు. మీరు కదిలిపోయేవాళ్లు. ఊళ్లో ఉండిపోయేది క్లాసు నాయకురాలు.

నేను చర్ల వైపు పనిచేసేటప్పుడు తాలిపేరు పొంగితే అవతలి పల్లెలకు వెళ్లే వీలుండేది కాదు. ఒక వానాకాలం అలాంటి పల్లెలో, చదువు రాని కోయ అక్క ఒకామె ఆదివారం కూడికకు రాని ఇల్లేదో చూసుకుని అక్కడికి వెళ్లింది. ఇంటిల్లిపాదీ జ్వరంతో పడి ఉన్నారు. కుర్రాళ్లను కూడగట్టి డోలీలు కట్టించి, ఆ పల్లె వైపు గట్టునే ఉన్న ఆరోగ్య ఉపకేంద్రానికి మోయించింది. నీళ్లు తగ్గాక నేను వెళ్లేసరికి వాళ్లు లేచి తిరుగుతున్నారు. కీడు చేయకు, మేలు చేయి, దేవుని ఆరాధన విడువకు అని వెస్లీ 1743లో రాసిన నియమాలు ఆమె ఎన్నడూ చదవలేదు. ఆ నియమాల ప్రకారమే బతికింది. ఆ పల్లెకు పాస్టరు ఆమే, నేను కాదు.

అందుకే అడుగుతున్నాను. వెళ్లగానే గుడికి రంగులు వేయించే పని పెట్టుకోకండి. ముందు కోయ మాట నేర్చుకోండి. ప్రతి పల్లెలోనూ అలాంటి అక్కను వెతకండి, ఆమెతో కలిసి ఇల్లిల్లూ తిరగండి. మీ బదిలీ కాగితం వచ్చేలోపు అక్కడి క్లాసులోని పన్నెండుమందినీ ఆమె చేతికి అప్పగించండి.