ఇంటి బల్లమీద పుష్పక విమానము



గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన శుభసమయమున పుస్తకములను గూర్చి ప్రసంగించుట పరిపాటి. నేటి విషయము పుస్తకములకు దూరమైనదిగా తోచవచ్చును. కాని చదివిన చదువు చేతిపనిగా మారు మార్గమును గూర్చినదే ఈ ప్రసంగము. ఇంటి వసారాలో ఒక బల్లమీద చిన్న రంపము, చాకు, జిగురు, గరుకు కాగితము పెట్టుకొని, నిజమైన విమానమునకు సరియైన పాళ్ళలో చిన్న విమానమును నిర్మించి, నేలమీద నిలిచియే రేడియో తరంగములతో దానిని ఆకాశమున నడపుట ఎట్లన్నదే నేటి విషయము.

ఇది పట్టణములలోని ధనవంతుల వినోదమని కొందరు తలంతురు. అట్టివారు జొన్నచేల నడుమ పెరిగిన పిల్లలను జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. దంటు పైపొరను చీల్చి, లోని బెండును ముక్కలుగా కోసి, ఆ పైపొర ఈనెలనే మేకులుగా గ్రుచ్చి ఎడ్లబండిని చేయుట వారికి ఎవరును పాఠముగా చెప్పలేదు. బెండు తేలికైనది, అయినను ఆకారము నిలుపుకొనును. విమాన నమూనాలు చేయువారు దక్షిణ అమెరికా అడవుల బాల్సా కర్రను కోరుట కూడ ఈ కారణము చేతనే. టేకు ఘనపు మీటరు ఒకటికి సుమారు 650 కిలోలు తూగగా, బాల్సా సుమారు 160 కిలోలు మాత్రమే తూగును. బెండ్లబండి చేసిన చేతికి విమానము చేయు విద్యలో మొదటి పాఠము అప్పుడే వచ్చియున్నది.

చిన్న నమూనాలను పిల్లలాటగా త్రోసివేయరాదు. ఆకాశయాన చరిత్రయే వాటితో మొదలైనది. 1871లో ఆల్ఫాన్స్ పెనో అను ఫ్రెంచి యువకుడు పారిసు నగరపు తోటలో, మెలివేసిన రబ్బరు బలముతో నడచు చిన్న నమూనాను 11 సెకండ్లు ఎగురవేసెను. తన అంతట తాను నిలకడగా ఎగిరిన మొదటి విమాన నమూనాగా దానికి పేరు వచ్చెను. అమెరికాలో రైటు సోదరుల తండ్రి 1878లో పెనో పద్ధతిని చేసిన ఎగిరెడు బొమ్మ నొకదానిని ఇంటికి తెచ్చి పిల్లల కిచ్చెను. ఆ పిల్లలు పెరిగి సైకిళ్ళ దుకాణము పెట్టుకొని, అందు నేర్చిన చేతిపనితో 1903 డిసెంబరు 17న మనుష్యుని మోయు యంత్ర విమానమును ఎగిరించిరి.

అదే కాలమున శామ్యూల్ లాంగ్లే అను శాస్త్రజ్ఞుడు 1896లో మనుష్యుడు లేని ఆవిరి విమానమును మూడువేల అడుగులకు పైగా ఎగిరించెను. ఆ చిన్నదానిని పెద్దదిగా చేసి 1903లో రెండు పర్యాయములు ప్రయత్నింపగా, రెండు పర్యాయములును అది నదిలో పడెను. చిన్నదానిలో నిలిచిన రెక్క అదే రూపున పెంచినపుడు నిలువదు. పెద్దదానిని చిన్నది చేయుటలో కూడ ఇట్టి లెక్కయే కలదు. ఆ లెక్క తెలియుట కొక ఉదాహరణము అవసరము.

ఒక అడుగు ప్రక్క గల బెల్లపు దిమ్మను తలచుకొనుడు. అర అడుగు ప్రక్క గల దిమ్మలు దానిలో ఎనిమిది ఇముడును. పొడవు సగమైనపుడు పైతలము నాలుగవ వంతు, బరువు ఎనిమిదవ వంతు అగును. విమానమునకు కూడ ఇదియే సూత్రము. బెంగుళూరులోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ నిర్మించగా 1958లో మొదట ఎగిరిన పుష్పక్ అను ఇద్దరు కూర్చుండు విమానమును తీసికొందము. దేశమందలి ఫ్లయింగ్ క్లబ్బులలో ఎందరో దానిపై విమానము నడుపుట నేర్చిరి. రామాయణ కథ విన్నవారికి ఆ పేరు కొత్తది కాదు. దాని రెక్కల పొడవు ఈ కొస నుండి ఆ కొస వరకు 36 అడుగులు. దేహపు పొడవు 21 అడుగులు. నిండు బరువు సుమారు 610 కిలోలు. దీనిని ఆరవ వంతుకు తగ్గించినచో రెక్కలు 6 అడుగులు, దేహము మూడున్నర అడుగులు అగును. రెక్కల వైశాల్యము 36వ వంతు, బరువు 216వ వంతు కావలెను. అనగా సుమారు 2 కిలోల 800 గ్రాములు. చదరపు అడుగు రెక్కపై పడు భారము నిజవిమానముతో పోల్చగా ఆరవ వంతే యగుటచే, నమూనా నిజవిమానపు వేగములో సుమారు రెండైదవ వంతుల వేగముననే గాలిలో నిలువగలదు. ఈ బరువును మించనీయకుండుటయే నిర్మాతకు మొదటి ధర్మము. ఎంత తగ్గిన అంత మేలు.

పుష్పక్‌ను ఎన్నుకొనుటకు వేరొక కారణము కూడ కలదు. దాని రెక్క దేహమునకు పైన అమరియుండును. అట్టి విమానము కొద్దిగా ఒరిగినను తిరిగి సరియగు స్వభావము కలది. యుద్ధవిమానపు నమూనాతో మొదలుపెట్టువారు మొదటి దినముననే నిరాశ పొందుదురు. అంతకుముందు చేతితో విసరు చిన్న గ్లైడరును ధర్మాకోల్ పలకతోనైనను చేసి చూచుట యుక్తము.

నిర్మాణము కాగితముతో ఆరంభమగును. నమూనా యొక్క పూర్తి కొలతల పటమును చదునైన బల్లపై పరచి, దానిపై పలుచని పారదర్శకపు కాగితమును కప్పి, కర్రలను గుండుసూదులతో ఆ గీతలపైననే నిలిపి అతికించవలెను. బల్ల వంకరయైనచో రెక్క వంకరయగును. వంకర రెక్కగల విమానము ఎంత నేర్పరి నడిపినను ఒకవైపునకే ఒరుగుచుండును. రెక్కలో నడిమి దూలము, ముందు అంచు, వెనుక అంచు, వాటి నడుమ రెండు మూడు అంగుళముల దూరమున ప్రక్కటెముకలు ఉండును. ఈ ప్రక్కటెముకలన్నియు ఒకే కొలత గలవి కావలెను. ప్లైవుడ్ అచ్చులు రెండు చేసి, బాల్సా రేకులను వాటి నడుమ దొంతిగా పేర్చి బిగించి, ఒకేసారి ఆకురాయితో అరగదీసినచో తేడా రాదు. రెక్కకొసల యందు వెనుక అంచును పావు అంగుళము పైకి ఎత్తి అమర్చిన, వేగము తగ్గినపుడు కొసలు ముందుగా పట్టు తప్పక, విమానము గిరగిర తిరిగి పడకుండును.

జిగురు ఎక్కువైన గట్టియగునని కొందరి భ్రమ. వడ్రంగిపని తెలిసినవారు అట్లనరు. అతుకు సరిగా కూడినపుడు కొద్ది జిగురే చాలును. సందు మిగిలినచోట ఎంత పోసినను బరువు పెరుగునే గాని బలము పెరుగదు. తోక వద్ద పడిన ఒక్క గ్రాము అదనపు బరువును సరిదిద్దుటకు ముక్కు వద్ద రెండు మూడు గ్రాముల సీసము పెట్టవలసి వచ్చును. కావున నిర్మాత ప్రక్కన చిన్న త్రాసు ఎల్లప్పుడు ఉండవలెను.

తుదకు తూకపు పరీక్ష. రెక్క వెడల్పు 10 అంగుళములైనచో, ముందు అంచు నుండి రెండున్నర మొదలు మూడు అంగుళముల చోట రెండు వ్రేళ్ళపై విమానమును నిలిపినపుడు అది సమముగా నిలువవలెను. ముక్కు బరువైనచో విమానము మందముగా నడచును, కాని నడచును. తోక బరువైనచో అది తొలిసారి ఎగురుటయే తుదిసారి యగును.

ఇక రేడియో. 1898లో నికోలా టెస్లా న్యూయార్కులో నీటితొట్టిలోని చిన్న పడవను తీగ లేకుండ నడిపి చూపెను. 1937లో అమెరికాలోని కాలమజూ పట్టణమున వాల్టర్ గుడ్, విలియం గుడ్ అను కవల సోదరులు తాము చేసిన నమూనా విమానమును రేడియోతో నడిపిరి. వారి విమానము ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ ప్రదర్శనశాల సొత్తు. ఆనాడు వాల్వులు, బరువైన బ్యాటరీలు మోయవలసి వచ్చినందున విమానము పెద్దది కావలసి వచ్చెను. ఇప్పటి రిసీవరు అగ్గిపెట్టె కంటె చిన్నది.

ఇది పనిచేయు విధము సులభమే. చేతిలోని ట్రాన్స్‌మిటరుపై కర్రను కదిలించినపుడు ఆ కదలిక సంకేతమై 2.4 గిగాహెర్ట్జ్ తరంగములపై పయనించును. విమానములోని రిసీవరు దానిని గ్రహించి సర్వో అను చిన్న మోటారు పెట్టెకు సెకండుకు సుమారు 50 విద్యుత్ స్పందనములను పంపును. స్పందనము సెకండులో వేయింట ఒక వంతున్నచో సర్వో చేయి ఒక కొసకు, రెండు వంతులున్నచో మరొక కొసకు, ఒకటిన్నర ఉన్నచో నడుమకు నిలుచును. ఆ చేతికి కట్టిన సన్నని ఉక్కుతీగ తోకలోని చుక్కానిని గాని, రెక్కలోని పలకను గాని త్రిప్పును. పూర్వము ఇద్దరి ట్రాన్స్‌మిటర్లు ఒకే తరంగముపై ఉన్నచో ఒకరి విమానము మరొకరి ఆజ్ఞకు లోబడి కూలుచుండెడిది. ఇప్పుడు ప్రతి రిసీవరు తన జతను మాత్రమే గుర్తించును. అయినను ఎగురవేయుటకు ముందు దూరము నడచి వెళ్ళి సంకేతము అందుచున్నదో లేదో చూడక తప్పదు. సంకేతము తెగినపుడు మోటారు తనంతట ఆగునట్లు ముందే అమర్చవలెను.

లిథియం బ్యాటరీ సెల్లు ఒక్కొక్కటి 3.7 వోల్టులది, మూడు కలిసిన 11.1 వోల్టులు. దీనికి ఛార్జి పెట్టి నిద్రపోరాదు. ఉబ్బిన బ్యాటరీని మరల వాడరాదు. ఛార్జి పెట్టుచోట ఇసుక బకెట్టు ఉంచవలెను. ప్రొపెల్లరు బిగించియుండగా బ్యాటరీ తగిలించువారు దానికి ఎదురుగా నిలువరాదు. అది వ్రేలిని తెగగొట్టగలదు.

ఎగురవేయు స్థలము విషయమున బోధను చెరకుపొలములు హెచ్చరికయే. నిలువెత్తు చెరకులో పడిన విమానమును వెదకి తీయుట దుస్తరము; దాని కొరకు పరాయి పైరు త్రొక్కుట తప్పు. బోరుబావుల కరెంటు తీగలు పొలము పొలమునకు ఉన్నవి. వరికోత ముగిసిన విశాలమైన మడులు, గాలి నెమ్మదిగానుండు ప్రాతఃకాలము, తీగలు, బాటలు, పశువులు దూరముగానున్న చోటు ఎన్నుకొనవలెను. 2021 డ్రోను నిబంధనల ప్రకారము నమూనా విమానము 25 కిలోలు మించరాదు, కంటికి కానవచ్చునంత దూరముననే ఎగురవలెను. ప్రభుత్వపు పటములో ఆ స్థలము ఏ మండలమున ఉన్నదో చూచుకొని, నిషిద్ధ ప్రాంతములను విడువవలెను.

గాలికి ఎదురుగా విమానమును విడువవలెను. కొత్తవారిని తికమక పెట్టునది ఒక్కటి కలదు. విమానము దూరముగా పోవుచున్నపుడు కుడి కుడియే, ఎడమ ఎడమయే. అది తిరిగి నడుపువాని వైపు వచ్చునపుడు రెండును తారుమారగును. దీనికి పెద్దలు చెప్పు ఉపాయము చిన్నది: ఎదురుగా వచ్చునపుడు ఏ రెక్క క్రిందికి వాలినదో ఆ వైపునకే కర్రను నెట్టవలెను. రెక్క పైకి లేచును. దీనిని ముందుగా కంప్యూటరుపై అభ్యసించినవారు ఎన్నో ప్రొపెల్లర్లను మిగుల్చుకొందురు.

ఇంత శ్రమ ఎందుకని అడుగువారికి సమాధానము ఈ ప్రాంతపు చరిత్రలోనే కలదు. మంజీరపై 1923లో మొదలై 1931లో పూర్తియైన నిజాంసాగరు కాలువలు చెరకును పండించినవి. ఆ చెరకు కొరకు 1937లో బోధను శక్కర్‌నగరమున నిజాం చక్కెర కర్మాగారము నెలకొన్నది. అట్టి కర్మాగారమనగా చక్కెర బస్తాలు మాత్రమే కావు. అందు ఫిట్టర్లు, టర్నర్లు, వెల్డర్లు, బాయిలరు పనివారు ఉందురు. పెద్దవాని ప్రక్క చిన్నవాడు నిలిచి, ఇనుము శబ్దమును బట్టి దాని రోగమును చెప్పుట నేర్చును. 2015లో ఆ కర్మాగారము మూతపడినది. గానుగలు ఆగినపుడు రైతు చెరకు, కార్మికుని జీతము లెక్కకు వచ్చును. ఒకని చేతినుండి మరొకని చేతికి నడచు విద్య తెగిపోవుట ఏ లెక్కలోను చేరదు.

మరొకవైపు కొత్త యంత్రములు పొలములకు వచ్చుచున్నవి. 2023 నవంబరులో కేంద్ర ప్రభుత్వము 15,000 మహిళా స్వయంసహాయక సంఘములకు మందు చల్లు డ్రోనులను ఇచ్చు పథకమును ఆమోదించెను. ఆ డ్రోనులోని మోటారు, బ్యాటరీ, రిసీవరు, తూకము అన్నియు ఇంతవరకు చెప్పిన చిన్న విమానములోనివే. అది పొలములో ఆగిపోయినపుడు విప్పి చూచు ధైర్యము గల పడుచు గాని, పడుచువాడు గాని ఊరిలో ఉందురా, లేక ప్రతిదానికి నగరము నుండి మనిషి రావలెనా? ఈ ప్రశ్నకు సమాధానము బడి ఒక్కటియే చెప్పజాలదు.

గ్రంథాలయమున ఒక మూల చదునైన బల్ల, చిన్న త్రాసు, నాలుగు పనిముట్లు, ఒక పటము ఉన్నచో పని మొదలుపెట్టవచ్చును. పని మానిన ఫిట్టరు గాని, ఊరి వడ్రంగి గాని సాయంకాలము ఒక గంట అక్కడ కూర్చుండిన పిల్లలకు గురువు దొరకును. ఆడపిల్లలను కూడ ఆ బల్ల దగ్గరకు పిలువవలెను. మొదటి విమానము బహుశః కూలును. విరిగిన రెక్కను తెచ్చి బల్లపై పెట్టి, ఎక్కడ విరిగినదో, ఏల విరిగినదో చూచి మరల అతికించునపుడే అసలు పాఠము ఆరంభమగును. ఇరువదియైదేండ్లు పుస్తకములను భద్రముగా కాపాడిన చేతులకు ఆ బల్లను కాపాడుట కష్టము కాదు.