ఎర్ర చుక్క, రెండు గీతలు



మా నాయన వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసేవాడు. పడుగు ఎక్కించిన తర్వాత మగ్గం ముందు వంగి, ఒక కన్ను మూసి, పోగుల వెంట ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసేవాడు. వంకర పోయిన పోగు ఆయన కంటికి వెంటనే దొరికేది. చిన్నప్పుడు నాకది మాయలాగా ఉండేది. పెద్దయ్యాక భౌతికశాస్త్రం పాఠాలు చెబుతూ తెలుసుకున్నాను, కంటిచూపు తిన్నని గీతలో పోతుందన్న ఒక్క నమ్మకం మీదే ఆ పని అంతా నడుస్తుందని.

ఆ చూపు గీత సంగతి మళ్లీ మొన్న దసరా తర్వాత గుర్తుకొచ్చింది. మా వాడకట్టులో తొమ్మిదో తరగతి చదివే పిల్లవాడొకడు ఉర్సు రంగలీల మైదానం దగ్గర ఆడుకునే తుపాకీ కొనుక్కొచ్చాడు. ప్లాస్టిక్ గుండ్లు కాల్చేది. దాని మీద చిన్న గొట్టం, గొట్టంలో ఎర్ర చుక్క. "చుక్క పెట్టిన కాడ గుండు తగుల్తలేదు సార్" అంటూ మా ఇంటికి వచ్చాడు.

ముందు ఆ చుక్క ఏమిటో చెబుతాను. చాలామంది దాన్ని లేజర్ అనుకుంటారు. కాదు. లేజర్ వెలుగును ముందుకు విసురుతుంది, ఎదుటివాళ్ల కంట్లో పడితే ప్రమాదం. ఈ గొట్టంలోని చిన్న దీపం వెలుగు వెనక్కి, మన కంటికే వస్తుంది. ముందున్న అద్దం కొంచెం లోపలికి వంగి ఉంటుంది. దానికి పూసిన పలచని పూత ఎరుపును తిప్పికొట్టి, మిగతా వెలుగును పోనిస్తుంది. దీపాన్ని సరిగ్గా ఆ అద్దం నాభి దగ్గర అమరుస్తారు కాబట్టి, తిరిగొచ్చే కిరణాలు ఒకదానికొకటి సమాంతరంగా వస్తాయి. ఆకాశంలో చుక్కల నుంచి వచ్చే వెలుగూ మన దాకా అలాగే వస్తుంది. అందుకే కన్ను ఆ చుక్క ఎక్కడో దూరంగా ఉందని నమ్ముతుంది. రెండు కళ్లూ తెరిచే చూడొచ్చు, తల కాస్త అటూ ఇటూ కదిలినా చుక్క గురి మీదే ఉంటుంది. చవక గొట్టాల్లో మాత్రం కొంచెం జరుగుతుంది.

ఈ ఉపాయాన్ని 1900లో కనిపెట్టినవాడు ఐర్లండ్‌కు చెందిన హోవార్డ్ గ్రబ్. ఆయన కులవృత్తి అనదగ్గ పని దూరదర్శినులు చేయడం. నవాబ్ జఫర్ జంగ్ హైదరాబాద్‌లో నెలకొల్పిన నిజామియా వేధశాల ఉండేది కదా, అందులోని 15 అంగుళాల దూరదర్శిని కూడా గ్రబ్ కార్ఖానాలో తయారైందే. నక్షత్రాలను చూపించిన చేతులే ఈ చుక్కనూ చూపించాయన్నమాట.

ఇక గురి. ఇక్కడ గీతలు రెండు. మన చూపు గీత చుక్క గుండా పోతుంది, గుండు గీత తుపాకీ గొట్టం నుంచి పోతుంది. చుక్క తుపాకీకి నాలుగు సెంటీమీటర్లు పైన ఉందనుకోండి. రెండు గీతలూ పది మీటర్ల దగ్గర కలిసేలా సరిచేస్తే, ఐదు మీటర్ల దగ్గర గుండు చుక్కకు సుమారు రెండు సెంటీమీటర్లు కింద తగులుతుంది. పైగా గుండును భూమి లాగుతుంటుంది. సెకనుకు 90 మీటర్ల వేగంతో బయల్దేరినా, పది మీటర్లు దాటేలోపు ఆరేడు సెంటీమీటర్లు జారుతుంది. కొన్ని తుపాకుల్లో చిన్న రబ్బరు ముక్క గుండును వెనక్కి తిప్పి, ఈ జారుడును కొంత ఆపుతుంది.

కాబట్టి దూరం ముందే నిర్ణయించుకోవాలి. మేము వెనక వాకిట్లో టేపుతో పది మీటర్లు కొలిచాం. పాత జంపఖానా ఒకటి దండెం మీద వదులుగా వేలాడదీసి, దాని ముందు అట్ట కట్టాం. గుండు అట్టను దాటినా గుడ్డకు తగిలి కిందికి జారిపోతుంది, ఎగిరి రాదు. ఇద్దరం గట్టి కళ్లద్దాలు పెట్టుకున్నాం. బియ్యం సంచి మీద తుపాకీ ఆనించి, ఒకే చోట గురిపెట్టి ఐదు గుండ్లు కాల్చాలి. ఒక్క గుండును చూసి స్క్రూ తిప్పడం అందరూ చేసే తప్పు. ఐదింటి నడుమ ఎక్కడుందో చూసి, గుండ్లు ఎటు పడుతున్నాయో చుక్కను అటు నడిపించాలి. ఒలింపిక్ పోటీల్లో కూడా ముందుగా లెక్కలోకి రాని గుండ్లు కాల్చుకుని గురి సరిచేసుకోనిస్తారు. 2012లో లండన్‌లో కాంస్యం గెలిచిన మన హైదరాబాదు గగన్ నారంగ్ ఆడిన ఎయిర్ రైఫిల్ పోటీలో ఇలాంటి ఎర్ర చుక్కలకు చోటు లేదు, పది మీటర్ల దూరంలో పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరే.

మా పిల్లవాడి ఐదు గుండ్లూ ఐదు దిక్కులకు పోయాయి. నేను కాలిస్తే ఒక చోటే పడ్డాయి. "చుక్క ఎట్లుంది రా?" అని అడిగాను. "చుక్క గాదు సార్, బంతిపువ్వు లెక్క రేకులున్నయి" అన్నాడు. నాకు గుండ్రంగానే కనిపిస్తోంది. గొట్టాన్ని మెల్లగా చుట్టూ తిప్పి చూడమన్నాను. రేకులు గొట్టంతో పాటు తిరగలేదు, ఉన్నచోటే ఉన్నాయి. అంటే లోపం గొట్టంలో లేదు. కంటి ముందు పొర అన్ని వైపులా ఒకే వంపుతో లేకపోతే వెలుగు ఒక బిందువు దగ్గర కూడదు, చెదురుతుంది. దీన్ని ఆస్టిగ్మాటిజం అంటారు. రాత్రిపూట బండ్ల లైట్లు గీతలు గీతలుగా కనిపించడం, బోర్డు మీది అక్షరాలు మసకబారడం దీనివల్లే కావచ్చు. తగిన అద్దాలతో చాలామందికి సరిపోతుంది.

తల్లులారా, పిల్లవాడు తల వంచి చూస్తున్నా, ఒక కన్ను మూసి టీవీ చూస్తున్నా దాన్ని అలవాటని వదిలేయకండి. ఒక కన్ను మందగిస్తే చిన్న వయసులోనే చికిత్స బాగా పనిచేస్తుంది, ఏడెనిమిదేళ్లు దాటాక కష్టమవుతుంది. 2018 ఆగస్టు 15న మొదలైన ప్రభుత్వ కంటి వెలుగు శిబిరాల్లో మన పెద్దలెందరో మొదటిసారి కళ్లద్దాలు పెట్టుకున్నారు. పిల్లలకూ పరీక్ష చేయించండి. వరంగల్‌లోనే ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది.

మరో మాట. ఆరు మిల్లీమీటర్ల గుండు కంటిగుంటలోకి నేరుగా చొరబడగలదు. తగిలితే లోపల రక్తం చేరవచ్చు, తర్వాత కంటి ఒత్తిడి పెరగవచ్చు. అలా జరిగితే కన్ను నలపకండి, నొక్కకండి, ఇంట్లో ఉన్న చుక్కల మందు వేయకండి. కాగితం కప్పును కంటి మీద తాకకుండా బోర్లించి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పిల్లవాడికి అద్దాలొచ్చాయి. పోయిన ఆదివారం మళ్లీ బియ్యం సంచి పెట్టాం. అట్ట మీద ఐదు రంధ్రాలు, ఒక రూపాయి బిళ్ల కింద నాలుగు దాగాయి. ఐదోది పక్కనే ఉంది. ఐదింటి నడుమ చూసి స్క్రూ ఇంకాస్త తిప్పాలి, వచ్చే ఆదివారం చూద్దామన్నాను.